పెప్టైడు మందులు: మింగాలా, పొడిపించుకోవాలా?

మొన్నామధ్య మా ఆసుపత్రికి ఒక రిటైరైన బడిపంతులుగారు వచ్చారు. పదిహేనేళ్ళుగా చక్కెర వ్యాధి. రెండుపూటలా ఇన్సులిన్ వేసుకునే మనిషి. రెండు వారాలనుంచి విపరీతమైన దాహం, నీరసం. రక్తంలో చక్కెర చూస్తే 430 ఉన్నది. ఆరా తీస్తే సంగతి బయటపడింది. ఎవరో చెప్పగా పోస్టులో ‘పెప్టైడు క్యాప్సూళ్ళు’ తెప్పించుకుని, సూది మానేశారు.

“ఇన్సులిన్ కూడా పెప్టైడే అన్నారు. ఇదీ పెప్టైడే. పొడుచుకునే బదులు మింగితే పోలేదా డాక్టరుగారూ?” అని అడిగారు.

ఆయన చెప్పిన మొదటి మాట నిజమే. రెండో మాటే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. ఈ రోజుల్లో పెప్టైడ్ల పేరుతో సూదిమందులు, బిళ్ళలు, ముక్కులో కొట్టుకునే మందులు, పూతమందులు, పొడులు వస్తున్నాయి. అందువల్ల ఈ సంగతి మీరూ తెలుసుకోవడం మంచిది.

పెప్టైడు అంటే ఏమిటి?

మనం తినే పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన పొడవాటి దండలు. పెప్టైడ్లు పొట్టి దండలు. కాన్పు సమయంలో రక్తస్రావం అరికట్టడానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌లో పూసలు 9. ఇన్సులిన్‌లో 51. పూసలు ఒకటే జాతివైనా, గుచ్చిన వరుసనుబట్టి దండ చేసే పని మారిపోతుంది. కనుక ‘ఇదీ పెప్టైడే’ అన్నంతమాత్రాన ఒకటి ఇంకొకదానికి బదులు కాదు.

నోటితో మింగితే?

కడుపులోని జీర్ణరసాలకు ఇది మందు, ఇది పప్పు అనే తేడా తెలియదు. దండ కనబడితే తెంపడమే వాటి పని. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి తొలిసారి ఇన్సులిన్ సూదిమందుగానే ఇచ్చారు. నూరేళ్ళు దాటినా ఇన్సులిన్‌ను నేటికీ సూదితోనే ఇస్తున్నారంటే కారణం ఇదే. పీల్చే ఇన్సులిన్ పొడికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చినా, ఉబ్బసం ఉన్నవారికి, పొగతాగేవారికి అది పనికిరాదు.

అలాగని నోటితో పనిచేసే పెప్టైడ్లు అసలు లేవని కాదు. సెమాగ్లుటైడ్ అనే చక్కెర వ్యాధి మందు బిళ్ళకు 2019లో అమెరికాలో అనుమతి లభించింది. మన దేశంలోకి 2022లో వచ్చింది. కడుపులో అది చెడిపోకుండా, గోడగుండా లోపలికి పోయేటట్లు ఇంకొక పదార్థం కలుపుతారు. అయినా మింగినదానిలో సుమారు నూటికి ఒక వంతే రక్తంలో చేరుతుంది. అందుకనే వారానికి ఒక్క మిల్లీగ్రాము సూదిమందు వేసేచోట, బిళ్ళగా రోజూ 7 లేక 14 మిల్లీగ్రాములు ఇస్తారు. పరగడుపున, అరగ్లాసుకు మించని మంచినీళ్ళతో మింగి, కనీసం అరగంట వరకు కాఫీ, టిఫిను, ఇతర బిళ్ళలు ఏవీ తీసుకోరాదు. పొద్దున్నే కాఫీ పడనిదే కాలు కదలనివారికి వారానికొక సూదే సుఖం.

ముక్కు, చర్మం

ముక్కులోని పలుచని పొరగుండా చిన్న పెప్టైడ్లు కొంతవరకు పోగలవు. మితిలేని మూత్రం పోయే ఒక వ్యాధికి వాడే డెస్మోప్రెసిన్ దీనికి మంచి ఉదాహరణ. సూదిమందుగా 1 నుంచి 4 మైక్రోగ్రాములు చాలు. ముక్కు ద్వారా 10 నుంచి 40 కావాలి. బిళ్ళగా అయితే 100, 200 కావాలి. మందు ఒకటే. దారినిబట్టి మోతాదు ఎంత మారిందో చూడండి. జలుబు చేస్తే ముక్కుదారి మూసుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక చర్మం. అది ఉన్నదే బయటివాటిని లోపలికి రానీయకుండా. అణుభారం సుమారు 500 దాటిన పదార్థాలు సులభంగా దిగవు. ఇన్సులిన్‌ది దాదాపు 5,800. కాబట్టి పూతమందు రాసుకుంటే ఒళ్ళంతా పుష్టి వస్తుందనే మాట నమ్మకండి.

పొడులు, సెలైన్లు

కొల్లాజెన్ పొడి కూడా కడుపులో చాలావరకు ముక్కలైపోతుంది. హాని లేదుగాని, ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ పప్పు, పాలు, గుడ్లు వస్తాయి. రంగు తేలడానికని పెళ్ళికూతుళ్ళకు సెలైనులో ఎక్కించే గ్లుటాథయోన్ మూడు పూసల పెప్టైడు. మన కాలేయం దానిని తానే తయారు చేసుకుంటున్నది. దీనిని తెల్లబడటానికి నరంలోకి ఎక్కించవద్దని ఫిలిప్పీన్స్ ఔషధశాఖ 2011లోనే హెచ్చరించింది. ఆడపిల్ల చామనఛాయ జబ్బు కాదు. జబ్బు కానిదానికి నరంలో సూది ఎందుకు?

అన్నిటికంటె ప్రమాదకరమైనవి ‘పరిశోధనకు మాత్రమే’ అని చీటీ అంటించి అమ్మే పొడి సీసాలు. వ్యాయామశాలలకు పోయే కుర్రవాళ్ళు దెబ్బలు త్వరగా మానుతాయని బి.పి.సి.-157 వంటివి ఇంట్లోనే నీళ్ళు కలిపి పొడుచుకుంటున్నారు. దీనికి మనుషులమీద తగిన పరీక్షలు జరగలేదు. అమెరికా ఔషధశాఖ ఆమోదమూ లేదు. ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ 2022లో దీనిని నిషిద్ధ జాబితాలో చేర్చింది. సీసాలో ఉన్నది చీటీమీద రాసినదే అని ఎవరు చూశారు? శుభ్రత లోపిస్తే సూది వేసినచోట చీముగడ్డ కడుతుంది. సూక్ష్మజీవులు రక్తంలో చేరితే ప్రాణాపాయం.

మీరు అడగవలసినవి

ఏ పెప్టైడైనా పుచ్చుకునేముందు మూడు ప్రశ్నలు వేయండి. నాకున్న జబ్బు ఏది? ఈ మందు, ఈ దారిలో, ఆ జబ్బుకు పనిచేస్తుందని పరీక్షల్లో తేలిందా? దీనిని రాసిచ్చిన డాక్టరు రేపు నాకు వాంతులైతే, కళ్ళు తిరిగితే చూసేవాడేనా? ఒక్కదానికి జవాబు లేకపోయినా డబ్బు జేబులోనే ఉంచుకోండి. ముందునుంచీ వాడుతున్న మందును మాత్రం డాక్టరును అడగకుండా ఒక్కపూట కూడా మానవద్దు.

మాష్టారిని నాలుగు రోజులు వార్డులో ఉంచి ఇన్సులిన్ ఇచ్చాం. తేరుకున్నారు. ఇంటికి పంపేముందు, “అసలు సూది మానాలని ఎందుకనిపించింది మాష్టారూ?” అని అడిగాను. చొక్కా పైకెత్తి చూపించారు. బొడ్డుపక్కన ఒకేచోట పొడుచుకుని పొడుచుకుని కండ గట్టిపడిపోయింది. ఒక్కో సూదిని వారం రోజులు వాడేవారట. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే వేసుకునేవారట. నొప్పి పుట్టక ఏమవుతుంది?

రోజూ చోటు మార్చమన్నాం. పొట్ట, తొడ వాడుకోవచ్చు. ప్రతిసారీ కొత్త సూది తీసుకోమన్నాం. వాడుతున్న సీసా ఎండ తగలనిచోట బయటనే నెలరోజులకు మించకుండా ఉంచుకోవచ్చు, మిగతావి ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టరాదు అని చెప్పాం. తరువాత వచ్చినప్పుడు, “ఇప్పుడు చీమ కుట్టినట్లే ఉన్నది” అన్నారు నవ్వుతూ.

ఆయనకు కావలసింది వేరే మందు కాదు, ఉన్న మందును వేసుకునే తీరు. పదిహేనేళ్ళలో డాక్టర్లం ఎవరమూ ఆ పొట్ట ఒక్కసారి చూడలేదు. ఆ తప్పు మాది. మీరు మాత్రం అడిగేదాకా ఆగకండి. సూది నొప్పిగా ఉంటే పోస్టులో క్యాప్సూళ్ళకు రాయకండి. ముందు మీ డాక్టరుకు చెప్పండి.