వచ్చాడా, వచ్చిందా, వచ్చారా?

విశాఖలో కంచరపాలెం మెట్టు దగ్గర టీ కొట్టులో ఇద్దరి మాటలు చెవిన పడితే చాలు, అక్కడ లేని మూడో మనిషి మగో ఆడో తెలిసిపోతుంది. ‘పాలిటెక్నిక్ కాడ కనబడ్డాడు’, ‘కనబడింది’. పేరు చెప్పకపోయినా, ‘అతను’, ‘ఆమె’ మింగేసినా క్రియ దాచనివ్వదు. అదే మనిషి ఎదురుపడితే ‘ఎప్పుడొచ్చావు?’ అంటాం, ‘ఇప్పుడే వచ్చాను’ అని జవాబొస్తుంది. ఇందులో ఆడామగా ఊసే లేదు. ‘చదువుకున్నవాడిని’, ‘చదువుకున్నదాన్ని’ లాంటివి వదిలేస్తే తెలుగు లింగం అడిగేది ఎదుట లేనివారి గురించే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి మన వ్యాకరణం చేసే గాయం ఎక్కువగా వీపు వెనకే.

ఇంగ్లీషు క్రియకు ఈ బెడద లేదు. చిక్కంతా ‘హీ’, ‘షీ’లతోనే. ఎవరో తెలియని ఒక్క మనిషిని ‘దే’ అనడం అక్కడ 14వ శతాబ్దం నుంచీ ఉంది. 18వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు మాత్రం ‘హీ’ అంటే అందరూ వచ్చేస్తారన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల భాషకు దాన్నే నియమం చేసింది. మన 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్‌దీ అదే మాట: పుంలింగం వాడితే స్త్రీలూ అందులోకి వస్తారు. అందరి కోసం ‘థాన్’ అని కొత్త సర్వనామం కల్పించినా నిలవలేదు. జనం నోట నలిగిన ‘దే’యే గెలిచింది. ఆడా మగా అనిపించుకోవడం ఇష్టం లేనివారు తమకోసం దాన్ని ఎంచుకున్నారు. 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు దాన్నే ఆ ఏటి మాటగా ప్రకటించింది. ఒక్కరికి బహువచనమేమిటని అడిగేవారు ‘యూ’ని చూడాలి. అదీ ఒకప్పుడు బహువచనమే.

మనకూ ఇది కొత్త కాదు. ‘టీచరుగారు వచ్చారు’ అంటే ఆడో మగో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. ఉత్తరాంధ్ర నోట అది ‘వచ్చీసినారు’. కాకపోతే మనం ఈ ‘వారు’ను మనిషి హోదా చూసి కొలిచి ఇస్తాం. ఆఫీసరు వచ్చారు, రిక్షా తొక్కేవాడు వచ్చాడు, పనిమనిషి వచ్చింది. ఆ ‘వచ్చింది’ గేదెకూ బస్సుకూ కూడా సరిపోతుంది. అందుకే తెలుగులో ఈ సమస్య లింగంతో ఆగదు, మర్యాద దాకా వెళ్తుంది. లింగం చెప్పకపోవడం, గౌరవించడం రెండూ ఒక్క ‘వారు’లోనే ఉండటం మన భాష అదృష్టం. ఇంగ్లీషు ‘దే’లో ఈ గౌరవం లేదు.

అయితే ‘వారు’ను తప్పించుకునే దారిగా వాడకూడదు. తన లింగమేదో తేల్చుకునే హక్కు మనిషిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో చెప్పింది. ఒక ట్రాన్స్ మహిళ తనను ‘ఆమె’ అనమంటే ‘ఆమె’ అనే అనాలి, రాయాలి. ‘అతను’, ‘ఆమె’ రెండూ వద్దన్నవారికి, ఎవరో తెలియనివారికి ‘వారు’ ఉంది. సావాసగాళ్ల మధ్య అది బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది, నిజమే. అక్కడ ఏమనాలో ఆ మనిషినే అడగండి. దరఖాస్తు ఫారాలు తయారుచేసే కార్యాలయాలు, వార్తలు రాసే మా పత్రికలు మాత్రం ‘వారు’ వాడటం ఇవాళే మొదలుపెట్టవచ్చు. కొత్త మాట కనిపెట్టే పని కూడా లేదు.