టైమింగ్ బెల్టుతోపాటు నీటిపంపు మార్చవలెనా?

మిరపకోతలు ముగిసి, గుంటూరు యార్డులో సరకు అమ్ముడై, చేతిలో నాలుగు డబ్బులు ఆడు దినములలో మార్టూరు ప్రాంతమున వాయిదా పడిన పనులన్నియు ఒక్కసారిగా గుర్తుకు వచ్చును. ఇంటికి వెల్ల, పిల్లల ఫీజులు, కారు మరమ్మతు. రహదారి ప్రక్కనున్న షెడ్డుకు కారు తీసికొనిపోగా మేస్త్రి యిట్లు చెప్పును: "టైమింగ్ బెల్టు గడువు వచ్చినదండి. దానితోనే వాటర్ పంపు కూడ వేయించండి." యజమానికి వెంటనే అనుమానము పుట్టును. "పంపు కారుట లేదు, ఇంజను వేడెక్కుట లేదు. బాగున్నదానిని తీసి పారవేయనేల?"

ఈ ప్రశ్న అడిగినవాడు లోభి కాడు. చెడని వస్తువు జోలికి పోకుండుట సేద్యము చేసికొను యింటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఐనను ఈ ఒక్క విషయమున ఆ బుద్ధిని కొంచెము ప్రక్కన పెట్టవలసి యున్నది. కారణము తెలియవలెనన్నచో పట్టీకిని పంపునకును గల సంబంధమును చూడవలెను.

ఇంజనులో పిస్టనులతో కూడి తిరుగునది క్రాంకు. వాల్వులను తెరచి మూయునది క్యామ్ షాఫ్టు. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము సరిగా ఒక్క చుట్టు తిరుగవలెను. ఈ లెక్క తప్పకుండ కాపాడునదే పండ్లుగల ఆ రబ్బరు పట్టీ. వెనుకటి అంబాసిడరు కారులో ఈ పనికి ఇనుప గొలుసు ఉండెడిది. నీటిపంపు ముందువైపున ఫ్యానుతో కలిసి వేరొక బెల్టుమీద తిరిగెడిది; అది చెడినచో బానెట్టు ఎత్తగానే కనబడెడిది. 1962లో పశ్చిమ జర్మనీలో గ్లాస్ 1004 అను కారుతో రబ్బరు పట్టీ వాడుకలోనికి వచ్చినది. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, నూనె అక్కరలేదు. మన దేశమున 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 దీనిని సామాన్య గృహస్థులకు పరిచయము చేసినది.

తరువాతి కాలమున వచ్చిన రెనో డస్టరు, మహీంద్రా వెరిటో, ఫోర్డ్ ఎకోస్పోర్ట్, ఫోక్స్‌వాగన్ పోలో మున్నగువాని డీజెలు రకములలో నీటిపంపును గూడ ఈ టైమింగ్ బెల్టే త్రిప్పునట్లు కూర్చిరి. 2020 ఏప్రిలులో పొగ నియమములు బిగిసిన పిమ్మట ఇట్టి డీజెలు కార్లు పెక్కు క్రొత్తగా తయారగుట ఆగినది. కాని పాతవి రోడ్లమీద తిరుగుచునే యున్నవి, వాని బెల్టు గడువులును వచ్చుచునే యున్నవి.

పంపులో ఒక చక్రము, దాని ఇరుసు, ఇరుసును మోయు బేరింగు, నీరు బేరింగులోనికి పోకుండ ఆపు సీలు ఉండును. సీలు అరిగినచో నీరు ఒక చిన్న రంధ్రము గుండా బయటికి చుక్కలుగా రాలును. ఆ రంధ్రము ఉన్నదే మనకు హెచ్చరిక చేయుటకు. అయితే ఈ కార్లలో అది బెల్టు మూత వెనుక దాగియుండును గావున హెచ్చరిక మన కంట పడదు. డబ్బాలో కూలెంటు నెలనెలకు తగ్గుచుండుట, ఇంజను స్టార్టు చేసినపుడు సన్నని కూత వినబడుట, మూత అంచున రంగు మరక కనబడుట మాత్రమే గుర్తులు. నీరు తగిలిన పట్టీ చెడును. అంతకంటె ప్రమాదము బేరింగు పట్టివేయుట. అప్పుడు పట్టీ పండ్లు రాలును, లేదా పట్టీయే తెగును. క్యాము నిలిచిపోవును; క్రాంకు మాత్రము ఊపుమీద తిరుగును. తెరచియున్న వాల్వులను పిస్టనులు క్రిందినుండి గ్రుద్దును. వాల్వులు వంగి, హెడ్డు దింపవలసిన పని పడును. డీజెలు ఇంజనులలో ఇది దాదాపు తప్పదు. అర్ధరాత్రి ఇంటి పెద్దకు గుండెనొప్పి వచ్చి గుంటూరు ఆస్పత్రికి బయలుదేరినపుడు, బొల్లాపల్లి టోల్‌గేటు దాటిన తరువాత ఇట్లు జరిగినచో ఆ నష్టమును రూపాయలలో లెక్క కట్టలేము.

పరదేశములలో దీనికి చెప్పు కారణము వేరు. అచ్చట కూలి ఎక్కువ. ఒకే విప్పుటలో రెండు పనులు ముగియునని చెప్పుదురు. మన షెడ్డులలో కూలి అంత లేదు, కొన్నిసార్లు పంపు వెలయే కూలిని మించును. కావున ఆ లెక్కను నేను గట్టిగా చెప్పను. అయినను బోరులో మోటారు దింపినవారికి కొంత తెలియును: పైపులన్నియు పైకి లాగిన నాడు, పాతబడిన కేబులును అట్లే మరల క్రిందికి దింపువారు అరుదు. ఇచ్చటను చక్రము విప్పి, ఇంజనును జాకీమీద నిలిపి, దాని పట్టు తీసి, క్యామును క్రాంకును పిన్నులతో బంధించిన పిమ్మటగాని పట్టీ ఊడిరాదు. పాత పంపును చేతితో త్రిప్పి చూచి "బాగున్నది" అనవచ్చును. ఆ పరీక్ష ఈనాటి సంగతి చెప్పునే గాని, క్రొత్త పట్టీ నడువవలసిన దూరమంతయు పాత బేరింగు ఓర్చునని చెప్పజాలదు.

అందరికిని ఈ సలహా వర్తింపదు. గొలుసు ఉన్న ఇంజనులకు గాని, పంపు బయటి బెల్టుమీద విడిగా తిరుగు కార్లకు గాని ఈ తొందర లేదు. అది కారినపుడు మార్చిన చాలును. ఇటీవలనే మంచి పంపు వేయించినవారు సైతము ఆగవచ్చును. మరియొక మాట. పెట్టెమీద పేరైనను సరిగా లేని చౌక పంపు తెచ్చి బిగించుట కంటె పాతదానిని ఉంచుటయే మేలని నా అభిప్రాయము.

పని చేయించునప్పుడు బెల్టును బిగువుగా ఉంచు టెన్షనరును, రోలర్లను గూడ క్రొత్తవి వేయించవలెను. అవియు అన్నియేండ్లు తిరిగినవే. పట్టీ ఎక్కించిన పిమ్మట తాళము త్రిప్పక ముందు, క్రాంకును చేతి పానాతో రెండు పూర్తి చుట్లు త్రిప్పి గుర్తులు కలిసినవో లేదో చూడుమని మేస్త్రిని అడుగవలెను. మంచి పనివాడు అడుగకయే చేయును. కూలెంటు ఎట్లును దింపుదురు గనుక క్రొత్తది పోయించవలెను. అది మంచుదేశములకే గాని మనకేలయని కొందరు రోహిణీకార్తెలో బోరునీరు పోయుదురు. ఆ నీటిలోని లవణములు లోపల పెచ్చు గట్టి, సీలును గీరును. కూలెంటు నీటికంటె ఆలస్యముగా మరుగును, త్రుప్పును ఆపును. దానిలో కలుపుటకు డిస్టిల్డు వాటరే వాడవలెను. లోపలి గాలి పూర్తిగా వెడలునట్లు చూడవలెను.

గడువు ఎన్ని కిలోమీటర్లన్నది కారుతో ఇచ్చిన పుస్తకములో ఉండును. దానిలో ఏండ్ల లెక్కయు ఉండును. రెండింటిలో ఏది ముందు వచ్చిన అదే గడువు. పొలము గట్టుకును పెండ్లిండ్లకును మాత్రమే తీయు కారు లక్ష కిలోమీటర్లు ఎన్నటికిని తిరుగకపోవచ్చును గాని దానిలోని రబ్బరునకు వయస్సు వచ్చుచునే యుండును. పని ముగిసిన తేదీని, మీటరు అంకెను ఒక కాగితముమీద వ్రాసి బానెట్టు లోపలివైపున అంటించుడు.