‘అడవి క్యారెట్’ అనగా ఏ మొక్క?

మన పెద్దలు గాజరగడ్డ అని పిలిచిన క్యారెట్ నేడు ప్రతి వంటింటికీ పరిచితమే. ఈ దుంపకు అడవిలో బంధువులు అనేకం కలవు. ఆంగ్ల మూలికా గ్రంథాలలో ‘వైల్డ్ క్యారెట్’ గింజల ప్రస్తావన చూసి, అవి ఏ పచారీ కొట్టులో లభిస్తాయని అడిగే పాఠకులు ఉన్నారు. అమెరికాలోని పిల్లల వద్దకు వేసవిలో వెళ్ళిన తల్లిదండ్రులు కొందరు, దారి వెంట తెల్లని గొడుగుల వంటి పూలగుత్తులతో నిలిచిన మొక్కను చూసి, ఆకు నలిపితే క్యారెట్ వాసన వస్తున్నదనీ, కోసి వాడవచ్చునా అనీ ప్రశ్నిస్తారు. వాడుక సంగతి తరువాత. ముందు పేరు తేలాలి.

ఈ పేరు మొదటినుంచీ చిక్కులదే. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ ‘డౌకోస్’ అనే ఒకే పేరు క్రింద మూడు రకాల మొక్కలను వర్ణించాడు. లాటిన్‌లో ‘పాస్టినాకా’ అనే మాట క్యారెట్‌కూ, పార్స్‌నిప్ అనే తెల్లదుంపకూ కూడా చెల్లింది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో ప్రకటించిన గ్రంథంలో క్యారెట్‌కు ‘డాకస్ కరోటా’ అనీ, తెల్లదుంపకు ‘పాస్టినాకా సటైవా’ అనీ పేర్లు స్థిరపరచాడు.

ఇందులో డాకస్ అన్నది ప్రజాతి, అనగా ఇంటిపేరు వంటిది. కరోటా అన్నది జాతి. వీటి తరువాత వచ్చే మూడవ మాట ఉపజాతిని తెలుపుతుంది. గ్రంథాలు తరచు వదిలివేసేది దీనినే. మనం తినే దుంప ‘సటైవస్’ ఉపజాతి. అడవిది ‘కరోటా’ ఉపజాతి. దాని వేరు సన్నగా, తెల్లగా, కట్టెవలె ఉంటుంది. రెండింటికీ 18 క్రోమోజోములే కనుక అవి సులభంగా సంకరమవుతాయి. విత్తనాల కోసం క్యారెట్ పెంచే విదేశీ రైతులు చుట్టుపట్ల అడవి క్యారెట్ పూయకుండా జాగ్రత్తపడేది ఇందుకే.

మధ్యధరా సముద్ర తీరాలలో ఆకు కొంచెం దళసరిగా కనిపించినా, గొడుగు కొంచెం పెద్దదైనా వృక్షశాస్త్రజ్ఞులు కొత్త జాతి పేరు పెట్టుతూ పోయారు. లిబియాలోని ఒక మొక్కకు 1958లో ‘డాకస్ కాపిలిఫోలియస్’ అని నామకరణం చేశారు. అది క్యారెట్‌తో నిరాటంకంగా సంకరమవుతున్నందున తరువాత దానిని కరోటాలోనే ఒక ఉపజాతిగా చేర్చారు. దీనికి విరుద్ధంగా, 2016లో ప్రజాతి సరిహద్దులను విస్తరించినపుడు, మదీరా దీవిలో మనిషి ఎత్తుకు మించి పొదగా పెరిగే ‘మెలనోసెలైనమ్’ సైతం డాకస్ కుటుంబంలోకి వచ్చి చేరింది! ఈ లెక్కన డాకస్‌లో నేడు సుమారు 40 జాతులు. మన వాముకూ ఈ అనుభవం ఉన్నది. పాత పుస్తకాలలోని ‘కేరమ్ కాప్టికమ్’, కొత్త పుస్తకాలలోని ‘ట్రాకీస్పెర్మమ్ అమ్మి’ ఒకే వాము. శాస్త్రీయనామం మారినంత మాత్రాన గింజ గుణం మారదు.

లోకవ్యవహార నామాలతోనే అసలు ప్రమాదం. అడవి క్యారెట్‌ను అమెరికాలో ‘క్వీన్ ఆన్స్ లేస్’ అంటారు. అదే పేరుతో ‘అమ్మి మేజస్’ అనే మరొక మొక్కనూ పిలుస్తారు. బొల్లికి వాడే మందు దాని గింజల నుండి తీయబడినది. దాని రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. ఇంతకన్నా భయంకరమైనది హెమ్లాక్, అనగా ‘కోనియమ్ మాక్యులేటమ్’. క్రీ.పూ. 399లో సోక్రటీసుకు త్రాగించిన విషం ఇదేనని ప్రసిద్ధి. ఇదీ క్యారెట్ కుటుంబానిదే. పూలు అవే తెల్లని గొడుగులు. అడవి క్యారెట్ కాడ నూగుతో గరుకుగా ఉంటుంది. హెమ్లాక్ కాడ నున్నగా, ఊదారంగు మచ్చలతో ఉంటుంది. దాని విషం కండరాలను చచ్చుబరచి ఊపిరిని ఆపివేస్తుంది. విరుగుడు మందు లేదు. ఈ గుర్తులు చదివి ధైర్యం చేయవద్దు. మందుచెట్ల పేర్లూ రూపాలూ అడవిలో తిరిగే గొల్లలు ఎరుగుదురని చరకసంహిత చెప్పింది. ఆ రూపజ్ఞానం ఏళ్ళ తరబడి చూడగా వచ్చేది, వేసవి సెలవులలో అబ్బేది కాదు. కోయవద్దనే నా సమాధానం.

గింజల మాట. అడవి క్యారెట్ గింజలను గర్భనిరోధానికి వాడటం ఐరోపాలో ప్రాచీనకాలం నుండీ ఉన్నది. గర్భిణులు, సంతానం కోరే స్త్రీలు వాటిని ఏ రూపంలోనూ పుచ్చుకోరాదు. విత్తేందుకు అమ్మే క్యారెట్ గింజలకు పురుగుమందు పట్టించి ఉండవచ్చు గనుక అవీ తినదగినవి కావు.

ఇక మన ఇళ్ళలోని ఒక సందేహం. మనుస్మృతి వెల్లుల్లి, ఉల్లిలతో పాటు ‘గృంజనము’ను నిషేధించింది. 16వ శతాబ్దపు భావప్రకాశ నిఘంటువులో గృంజనమంటే గాజరమే. ఈ రెండింటినీ జోడించి కొందరు ఆచారవంతులు క్యారెట్‌ను ముట్టరు. కానీ స్మృతిలో ఆ మాట వెల్లుల్లి, ఉల్లిల నడుమ ఉన్నది. దానిని వాటివంటి దుంపగానే గ్రహించిన వ్యాఖ్యాతలు ఉన్నారు. క్యారెట్ సాగు ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతంలో సుమారు 10వ శతాబ్దం నాటికి గాని స్పష్టంగా కనిపించదు. నారింజరంగు దుంప అంతకన్నా ఎంతో ఇటీవలిది. కావున స్మృతిలోని గృంజనము మన క్యారెట్ కాదని నా నిశ్చితాభిప్రాయం. శ్రాద్ధ దినాన వండాలా వద్దా అన్నది ఆ ఇంటి ఆచారం. మిగిలిన రోజులలో పిల్లలకు నిరభ్యంతరంగా పెట్టవచ్చు.