పడవకు వెల కట్టిన మెట్ట మనిషి

మాది పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, పొలంలో వేరుశనగ. ఉత్తర పినాకిని మా తాలూకాలో పారుతుందని చెప్పుకోవడమే గాని, మేం చూసింది ఎక్కువగా ఇసుకనే. బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నన్ను 1998లో విశాఖపట్నం బదిలీ చేశారు. అక్కడ నా బల్ల మీదికి వచ్చిన తొలి పెద్ద దరఖాస్తు ఏమిటో తెలుసా? పాత మరపడవ కొనుక్కోవడానికి అప్పు!

అడిగినవారు ఇద్దరు అన్నదమ్ములు. అంతవరకూ ఇతరుల బోట్లలో అన్న సరంగుగా, తమ్ముడు కలాసీగా పనిచేశారు. తమ వాటా సొమ్ము కోసం ఇంటి ఆడవాళ్ల నగలు అప్పటికే కుదువబెట్టారు.

నేను కామర్సు మనిషిని కదా, కాగితాలు చూశాను. 1994 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉంది. ఏడాది కిందట ఇంజను మార్చిన బిల్లు ఉంది. జెట్టీకి వెళ్లి చూస్తే కొత్త నీలం రంగుతో బోటు పెళ్లికొడుకులా మెరుస్తోంది. బాడీకి తరుగుదల తీసి, ఇంజను ధర దాదాపు పూర్తిగా కలిపి, విలువ కట్టి అప్పు మంజూరు చేశాను.

మూడో వేటకే బోటు మధ్యలో తిరిగొచ్చింది. తోడినకొద్దీ అడుగున నీరు ఊరుతోంది. ఒడ్డుకు లాగించాక ఒక ముసలి వడ్రంగి చిన్న సుత్తితో పలకలు తడుతూ వచ్చాడు. అంతదాకా టంగుమన్న చప్పుడు ఒకచోట మెత్తబడింది. ఉలి గుచ్చితే సగం దాకా దిగింది.

"ఇంజిను కొత్తదే మేనేజరు బాబూ, దాన్ని మోసే కొయ్య సంగతి చూసినారా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఆ తరువాత సెలవు రోజుల్లో ఆయన వెంట తిరిగి కొంత నేర్చుకున్నాను. మొదటిది, బోటును నీళ్లలో చూసి ధర చెప్పకూడదు. తూర్పు తీరంలో ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మరమ్మతుకు బోట్లు ఒడ్డెక్కే ఆ రోజులే పరీక్షకు మంచివి. కొయ్యను తొలిచే ఓడపురుగు నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల జాతిది. పైకి గుండుసూది బెజ్జమే కనిపిస్తుంది, లోపలంతా డొల్ల. రెండోది, వెనక నిలబడి అడుగు దూలాన్ని చూడాలి. రెండు కొసలూ వాలి నడుము పైకి లేస్తే బోటు వెన్ను విరిగినట్టే.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, నల్లపొగ వస్తే భారం ఎక్కువైందని అనుమానించాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీరు చేరినట్టు. అన్నిటికన్నా పెద్ద లోపం, పాత బాడీకి పెద్ద ఇంజను బిగించడం. ఇలాంటి పడవల వేగానికి వాటి పొడవే హద్దు. నీటి మట్టం దగ్గర 36 అడుగులుంటే ఆ హద్దు గంటకు సుమారు 8 నాటికల్ మైళ్లు. ఆపైన గుర్రపుశక్తి పెంచితే డీజిలు ఖర్చవుతుంది, అదురుకు పలకల సందులు విడతాయి. మా బోటుకు జరిగింది ఇదే.

పైన గది ఎత్తు పెంచినా ముప్పే. బోటును పక్కకు ఊపి చూడాలి. బద్ధకంగా లేచే బోటు హాయిగా అనిపిస్తుంది గాని, తుపాను గాలికి తిరగబడేది అదే.

సెలవులో ఊరికి వచ్చి ఇదంతా చెబితే మా నాయన నవ్వలేదు. "కొమ్ములకు రంగేసినోడు కాళ్ల మాట ఎత్తడురా. సంతలో నేను ఎద్దును నడిపించి చూసేది నువ్వు చూళ్లేదా?" అన్నాడు. నిజమే, చూశాను. బ్యాంకులో చేరాక మరిచిపోయాను.

బోటు నాలుగు నెలలు ఒడ్డునే ఉంది. వాయిదాల గడువు పెంచాం. నేను బదిలీ అయిన కొన్నేళ్లకు ఆ అన్నదమ్ములు బాకీ అంతా తీర్చారని తెలిసింది. కుదువబెట్టిన నగల్లో కొన్ని మాత్రం తిరిగి ఇల్లు చేరలేదు. బ్యాంకు పుస్తకంలో ఆ ఖాతా ముగిసింది. నా పుస్తకంలో ఇంకా ముగియలేదు.