మీకు తెలుసా? పదిమంది చేయి పడితేనే పండగ

● 2000 సంవత్సరానికి స్వాగతం పలకడానికి మెక్సికో నగరం నడిబొడ్డున, సోకలో మైదానం చుట్టూ 18 భారీ సెర్చిలైట్లు పెట్టారు. వాటిని తిప్పే పని మాత్రం ఇంటర్నెట్ ఉన్న ఎవరికైనా వదిలేశాడు కళాకారుడు రఫాయెల్ లొసానో-హెమ్మెర్. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, తెర మీద కిరణాలను జరుపుకుంటూ నచ్చిన ఆకారం కుదర్చాలి. వంతు రాగానే నిజమైన ఆకాశంలో అదే వెలిగేది! వెబ్‌కెమెరాలు దాన్ని ఫొటో తీస్తే, పంపినవాళ్ల పేరుతో ఒక పేజీ తయారయ్యేది. ఎవరికి అంకితమో కూడా రాసుకోవచ్చు. ఆ రాతలకు కత్తెర వేయలేదు. ఇంకేముంది, ప్రేమ కవితలు, పెళ్లి ప్రతిపాదనలు, ఫుట్‌బాల్ స్కోర్లు, చివరికి జపతిస్తా తిరుగుబాటుదారుల నినాదాలు కూడా వచ్చిపడ్డాయి. సర్కారు చేయించిన ఉత్సవంలో ఇది చిన్న విషయమేం కాదు. డయలప్ మోడెంలు కీచుమనే ఆ రోజుల్లోనే 89 దేశాల నుంచి దాదాపు 8 లక్షల మంది ఇందులో పాలుపంచుకున్నారు.

● జర్మనీలోని హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్ తన 20వ పుట్టినరోజుకు కేకుతో సరిపెట్టలేదు. 2001 సెప్టెంబరులో బెర్లిన్‌లోని అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గరున్న ఓ భవనంలో పై 8 అంతస్తుల కిటికీల వెనక ఒక్కో దీపం పెట్టింది. మొత్తం 144. మేడంతా పెద్ద తెర అయిపోయింది. దారిన పోయేవాళ్లు సెల్‌ఫోన్ నుంచి ఓ నంబరుకు కాల్ చేసి, మీటలు నొక్కుతూ ఆ తెర మీద పాంగ్ అనే పాత వీడియో గేమ్ ఆడేవాళ్లు. ఒక్కరే ఉంటే కంప్యూటర్‌తో ఆట. ఇంకెవరైనా కాల్ చేస్తే ఆ ముక్కూమొహం తెలియని మనిషే ప్రత్యర్థి. మరుసటి ఏడాది ఇదే సరదా పారిస్‌లోని జాతీయ గ్రంథాలయానికి పాకింది. అక్కడ 520 కిటికీలు!

● ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఏటా డిసెంబరులో జరిగే దీపోత్సవం ఇప్పుడు డిజిటల్ వెలుగుల కళాకారులకు పెద్ద వేదిక. దాని మొదలు 1852లో ఉంది. మేరీమాత విగ్రహావిష్కరణ సంబరానికి వాన అడ్డుపడితే, అది తెరిపివ్వగానే జనమే కిటికీల్లో కొవ్వొత్తులు పెట్టారు.

● కెనడాలోని మాంట్రియల్‌లో 2011లో 21 ఊయలలు వెలిశాయి. 'డైలీ తు లె జూర్' అనే బృందం పని ఇది. ఒక్కో ఊయల ఊగితే ఒక్కో స్వరం. కొన్ని బాణీలు మాత్రం పక్కవాళ్లతో లయ కలిపి ఊగితేనే పలికేవి. ఒక్కరే కర్రలు పట్టుకుంటే కోలాటం అవుతుందా మరి! దీని రూపకల్పనలో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త లుక్-అలాన్ జిరాల్దో సలహా తీసుకున్నారు. ఊయలలతో ఆయనకేం పనంటారా? గుంపులో ఉన్న ప్రాణులు ఎలా మసలుకుంటాయన్నదే ఆయన చదువు.