దాడి ఆట

కోనసీమలో ఆషాఢశ్రావణములలో ముసురు పట్టినచో ఒక్కొక్కప్పుడు రెండు మూడు దినములవరకు విడువదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు ఎఱ్ఱనీటితో నిండి పాఱుచుండును. ఈదురుగాలిలో కొబ్బరిచెట్ల క్రింద తిరుగుటకు పెద్దలు ఒప్పుకొనరు. అట్టి దినములలో అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పల్లెపిల్లలకు మిగులు చోటు ఇంటిముందఱి అరుగు. అరుగుమీద సుద్దతోనో బొగ్గుతోనో పటము గీచి, ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండి ఆడుకొను ఆట దాడి. అష్టాచెమ్మాలో గవ్వలు ఎట్లు పడిన అట్లు నడువవలెను. దాడిలో గవ్వలు లేవు, పాచికలు లేవు. కావున ఓడినవాడు తన ఆటను తప్ప మఱి దేనిని నిందింపలేడు.

పటము గీయుట సులభము. మొదట ఒక పెద్ద చదరము, దానిలోపల మఱియొకటి, దానిలోపల ఇంకొకటి గీయవలెను. పిదప నాలుగువైపుల భుజముల నడుమనుండి మూడు చదరములను కలుపుచు ఒక్కొక్క గీత గీయవలెను. ఈ గీతలు లోపలి చదరమును తాకి ఆగిపోవును. నట్టనడుమ ఖాళీగానే యుండును. మూలలను, గీతలు కలియు చోట్లను లెక్కించినచో 24 స్థానములు వచ్చును. ఆటగానికి 9 కాయలు కావలెను. ఒకరు చింతపిక్కలును, మఱియొకరు కొబ్బరియీనె ముక్కలును తీసికొన్న చాలును. కొన్నిచోట్ల మూలలను కూడ గీతలతో కలిపి, కాయల సంఖ్యను పెంచి ఆడుదురు.

మొదట ఇద్దఱును వంతులవారీగా ఒక్కొక్క కాయను ఖాళీ స్థానములలో పెట్టుచు పోవుదురు. ఎవరి కాయలు మూడు ఒకే గీతపై వరుసగా నిలిచినచో వారు "దాడి" అని ఎదుటివాని కాయనొకదానిని తీసివేయుదురు. తీసిన కాయ మఱల ఆటలోనికి రాదు. దాడిలో నిలిచియున్న కాయను మాత్రము, వేఱొకటి ఉన్నంతవఱకు, తీయరాదు. కాయలన్నియు పెట్టుట ముగిసిన తరువాత నడుపుట మొదలగును. గీతవెంబడి ప్రక్కనున్న ఖాళీ స్థానమునకే కాయను జరుపవలెను. రెండు కాయలే మిగిలినవాడును, జరుపుటకు దారి లేనివాడును ఓడినట్లు.

తొందరపడువారు పెట్టుటలోనే ఒక పొరపాటు చేయుదురు. బయటి చదరపు పైభుజముమీద మూడు కాయలు వరుసగా నిలిపి, దాడి చేసి, ఒక కాయను తీసి సంతోషింతురు. ఎదుటివాడు తెలివిగలవాడైనచో ఆ మూడు కాయలకు బయటపడు దారులెన్నియో చూచును. అవి మూడే: బయటి చదరపు ఎడమభుజము నడిమి స్థానము, కుడిభుజము నడిమి స్థానము, పైభుజము నడుమనుండి దిగు గీతపై రెండవ చదరపు స్థానము. అతడు ఆ మూటియందును తన కాయలను నిలిపెనా, దాడి చేసిన కాయలు మూడును చెఱలో పడినట్లే. కావలి కాయు కాయలు కూడ కదలరాదు గదా అనవచ్చును. నిజమే. కాని అవి కూడళ్ళలో నిలిచియున్నవి. ఒక్కొక్కటి మఱియొక దాడిలో భాగము కాగలదు. చెఱలోనివి దేనికిని పనికిరావు.

దీనికి కారణము పటములోనే యున్నది. పటములో దాడి చేయదగిన వరుసలు 16. ఏ స్థానమైనను సరిగా రెండు వరుసలలో చేరును. ఆ లెక్కన అన్ని స్థానములును సమానమే. కాని నడకలో సమానము కావు. మూలలు 12, వానినుండి పోవుటకు రెండే దారులు. బయటి చదరములోను లోపలి చదరములోను భుజముల నడుమ నున్న 8 స్థానములకు మూడేసి దారులు. రెండవ చదరపు భుజముల నడుమ నున్న 4 స్థానములకు మాత్రము నాలుగేసి దారులు గలవు. ఆట తెలిసినవారు మొదట వానినే పట్టుకొందురు.

నడుపుటలో అందమైన ఎత్తు ఒకటి గలదు. పైవైపున బయటి చదరపు రెండు మూలలలోను, రెండవ చదరపు రెండు మూలలలోను నీ కాయలున్నవనుకొనుము. ఐదవ కాయ బయటి భుజము నడుమ నున్నది, అది దాడి. దానిని ఒక స్థానము క్రిందికి దింపినచో రెండవ చదరముమీద దాడి. మఱల పైకి జరిపినచో మొదటిది తిరిగి దాడి. ఆ కాయ ఊయలవలె ఊగుచున్నంతసేపు ఎదుటివాడు ప్రతి వంతునను ఒక కాయను పోగొట్టుకొనును. ఇట్టి అమరిక కుదురక మునుపే చెఱుపవలెను. కుదిరిన పిదప చేయగలిగినది స్వల్పము.

ఈ ఆట మన దేశమునకే పరిమితము కాదు. కన్నడదేశమున దీనిని సాలుమనె అందురు. స్పెయినులో కాస్టీలు రాజగు పదవ అల్ఫోన్సో 1283లో పూర్తిచేయించిన ఆటల గ్రంథములో ఇది కలదు. ఇంగ్లండు పల్లెలలో పచ్చికనేలను చెక్కి దీనిని ఆడెడివారు. షేక్స్పియరు తన 'మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకములో వానలు వఱదలు చేసిన చెఱుపును చెప్పుచు, ఈ ఆటస్థలములు బురదతో పూడిపోవుటను కూడ పేర్కొనెను. గోదావరి వఱదను ఎఱిగిన లంకపిల్లలకు ఈ మాటను ఎవరును వివరింప నక్కఱలేదు.

ఇటీవల కట్టుచున్న ఇండ్లలో పెక్కింటికి అరుగులు లేవు. నున్నని పాలరాతిపై బొగ్గుతో గీచినచో ఇంటివారు ఊరకుండరు. కాగితముమీద గీచికొన్నను ఆటకు లోటు లేదు.

మొదలుపెట్టుటకు ముందు ఒక్క సంగతి మాట్లాడుకొనవలెను. మూడు కాయలే మిగిలినవాడు గీతలతో పనిలేక ఎచ్చటికైనను ఎగురవచ్చునా, లేదా? కొందఱు ఒప్పుదురు, కొందఱు ఒప్పరు. దాడిలో సగము జగడములు ఇచ్చటనే పుట్టును. ఎగురనిచ్చినచో ఓడిపోవుచున్నవాడు ఒక్కసారిగా ప్రమాదకరమైన శత్రువగును. నాలుగు కాయలున్నవాని కాయను తీయుటకు ముందు బాగుగా ఆలోచింపవలసి వచ్చును.

ఇద్దఱును ఒక్క తప్పైనను చేయకున్నచో ఎవరును గెలువరని 1993లో స్విట్జర్లండులోని జ్యూరిచ్ నగరమున రాల్ఫ్ గాసర్ అను పరిశోధకుడు కంప్యూటరు సాయమున నిరూపించెను. అరుగుమీద ఆట ఎటును తేలకున్నచో పిల్లలు కాయలను ఏఱుకొని మఱల మొదలుపెట్టుదురు. మొదటి కాయ పెట్టు వంతు ఈసారి రెండవవానిది.