డాలరైనా... దినారైనా... రసీదు జాగ్రత్త!

విదేశానికి వెళ్లే పిల్లల కోసం ఊరగాయ నెలముందే పెడతారు. చేతికివ్వాల్సిన డబ్బు గురించి మాత్రం చివరి రోజున ఆలోచిస్తారు. చిక్కంతా అక్కడే!

మదనపల్లె మార్కెట్‌కు టమోటా తెచ్చిన రైతు ఆరోజు రేటెంతో తెలుసుకోకుండా సరుకు అప్పజెప్పడు. పుంగనూరు ఆవును కొనబోయే మనిషి నాలుగిళ్లు తిరిగిగానీ బేరం తెగ్గొట్టడు. కుప్పంలోనైతే మూడు భాషల్లో బేరమాడే వాళ్లకు కొదవలేదు. అంత లెక్క తెలిసిన ఇళ్లలోనే, బిడ్డ విమానమెక్కే ముందురోజు ‘ఎవరో డాలర్లు ఇస్తారంట’ అని దుడ్లు మూటగట్టి తెలియని మనిషి చేతిలో పెట్టేస్తుంటారు. రేటెంతో అడగరు. రసీదు తీసుకోరు. ఇచ్చిన నోటు అసలుదో నకిలీదో చూడటమూ తెలియదు!

ఎనిమిది డాలర్ల కాలం

ఈ ప్రాంతానికి విదేశీ ప్రయాణం కొత్తేమీ కాదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1911లోనే అనీబిసెంట్ వెంట ఇంగ్లండు ఓడ ఎక్కారు. అప్పట్లో పౌనుకు పదిహేను రూపాయలు. ఆ లెక్క ఏళ్ల తరబడి మారలేదు.

స్వాతంత్య్రం వచ్చాక విదేశీ మారకం కరవైంది. 1960, 70ల్లో అమెరికా వెళ్లినవాళ్లను అడిగి చూడండి, ‘జేబులో ఎనిమిది డాలర్లతో దిగాం’ అంటారు. అంతకుమించి తీసుకెళ్లాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాల్సిందే. 1973 నాటి ఫెరా చట్టం ఆ కట్టుబాట్లను మరింత బిగించింది. దాని స్థానంలో ఫెమా 2000 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. 2004లో ఏడాదికి 25 వేల డాలర్ల వరకూ పంపుకోవచ్చంటూ మొదలైన పథకంలో ఇప్పుడు పరిమితి రెండున్నర లక్షల డాలర్లు. అంటే డబ్బు దొంగచాటుగా మార్చుకోవాల్సిన అవసరం సామాన్య కుటుంబానికి ఎప్పుడో తీరిపోయింది. అలవాటే పోలేదు!

దొడ్డిదారి మారకం పట్టుబడితే ఆ మొత్తానికి మూడురెట్ల దాకా జరిమానా వేయొచ్చు. పోగొట్టుకుంటే ఫిర్యాదు చేద్దామన్నా చేతిలో కాగితముండదు.

ఎక్కడ... ఎంత?

విదేశీ నోట్లు అమ్మే అధికారం రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన బ్యాంకులకూ, మనీ ఛేంజర్లకే ఉంది. అలాగని ప్రతి శాఖలోనూ డాలర్లు సిద్ధంగా ఉండవు. చిన్న ఊళ్లవాళ్లు వారం పదిరోజుల ముందే అడిగిపెట్టుకోవడం మేలు. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్‌కార్డు తీసుకెళ్లాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచీ కొనుక్కోవచ్చు. 50 వేల రూపాయలు, ఆపైన అయితే నగదు ఇస్తే తీసుకోరు. చెక్కు, కార్డు లేదా ఖాతా నుంచి బదిలీ చేయాలి.

చాలా దేశాలకు ఒక ప్రయాణంలో 3 వేల డాలర్ల విలువ వరకే నోట్ల రూపంలో ఇస్తారు. మిగతాది కార్డులో వేసుకోవాలి. హజ్, ఉమ్రా యాత్రికులకు ఈ 3 వేల పరిమితి ఉండదు. మన రూపాయలైతే 25 వేల వరకూ వెంట ఉంచుకోవచ్చు. తిరిగొచ్చాక బెంగళూరు నుంచి ఊరు చేరడానికి అవి కావాలి కదా!

ఇక రేటు సంగతి. సెల్‌ఫోన్‌లో కనిపించే ధర కౌంటర్లో దొరకదు. అమ్మేటప్పుడు కాస్త ఎక్కువ తీసుకుంటారు, కొనేటప్పుడు కాస్త తగ్గించి ఇస్తారు. ఆ తేడా డాలరుకు రెండు రూపాయలుంటే వెయ్యి డాలర్లకు 2 వేలు పోయినట్టే. అందుకే ‘డాలరెంత?’ అని కాకుండా ‘జీఎస్టీ, ఛార్జీలు కలిపి వెయ్యి డాలర్లకు మొత్తం ఎంతవుతుంది?’ అని రెండుచోట్ల అడగాలి. విమానాశ్రయంలో మార్చుకోవడం సాధారణంగా ఖరీదైన బేరం.

కుప్పం నుంచి కాలేజీకి...

కుప్పానికి రైలు సదుపాయముంది. అటు చెన్నై, ఇటు బెంగళూరు. చదువుకోవడానికి వెళ్లే పిల్లలకు ఏ విమానాశ్రయమన్నది పెద్ద సమస్య కాదు. ఫీజు, ఖర్చుల డబ్బును విడగొట్టుకోవడమే అసలు పని.

ఫీజును బ్యాంకు ద్వారా నేరుగా విశ్వవిద్యాలయ ఖాతాకు పంపాలి. బ్యాంకు ఇచ్చే ఏ2 ఫారంలో ‘చదువు కోసం’ అని సరిగ్గా రాయాలి. సొంత డబ్బు ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే ఆపైన మొత్తంపై పన్ను వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించి దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. బ్యాంకు విద్యారుణంతో కట్టే ఫీజుకైతే ఆ బాధ లేదు.

పిల్లల చేతికి రెండు మూడు వారాల ఖర్చుకు సరిపడా నోట్లు చాలు. అందులోనూ చిన్న నోట్లు ఉండాలి. అమెరికాలో చాలా విమానాశ్రయాల్లో సామాను ట్రాలీకి కూడా డబ్బు కట్టాలి మరి! కార్డు గీకినప్పుడు యంత్రం ‘రూపాయల్లోనా, అక్కడి కరెన్సీలోనా?’ అని అడిగితే అక్కడి కరెన్సీనే ఎంచుకోవాలి. రూపాయల్లో అంటే ఇంకో మారకపు రుసుము నెత్తిన పడుతుంది.

గల్ఫ్ దారిలో...

రాయచోటి, రాజంపేటల్లాగే మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల పల్లెలకూ కువైట్ అంటే పక్క ఊరే. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ ముద్ర ఉంటుంది. గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే వాళ్లకు వలస అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి మీద ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటకూడదు. అంతకుమించి నగదు అడిగినా, ‘విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడ మార్చుకుందువులే’ అన్నా ఆగిపోవాలి. పొలమో నగలో కుదువపెట్టి కట్టిన డబ్బు అది. రసీదు లేకపోతే తిరిగి అడిగే దారే ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా వస్తుంది.

దినార్ ప్రపంచంలోకెల్లా విలువైన కరెన్సీ. అయినా దాచుకున్నంత మాత్రాన చాలదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాక ఆ దినార్లకు విలువ లేకుండా పోయింది. జీతాలు, దాచుకున్న సొమ్ము వదిలేసి మనవాళ్లు జోర్డాన్ దారి పట్టారు. సుమారు లక్షా 70 వేలమంది భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. 1991లో కువైట్ కొత్త నోట్లు తెచ్చింది. ఆ తర్వాతా నోట్లు మారుతూనే ఉన్నాయి. అయిదో సిరీస్ నోట్ల మార్పిడికి గడువు 2025 ఏప్రిల్ 18తో ముగిసింది. గుర్తుగా బీరువాలో దాచుకున్న పాత దినారు ఇప్పుడు నిజంగానే గుర్తు! అందుకే సంపాదన ఎప్పటికప్పుడు బ్యాంకు ఖాతాకు చేరాలి.

పెట్టెలో ఏముంది?

మనింట మాంసం కూరకు గసగసాలు లేకపోతే రుచే ఉండదు. గల్ఫ్ దేశాల్లో మాత్రం అవి మత్తుపదార్థాల కిందకు వస్తాయి. పొట్లం దొరికితే జైలే! మసాలా పొడిలో కలిపిందైనా పెట్టకూడదు. మందులుంటే డాక్టరు చీటీ వెంట ఉండాలి. ‘మావాడికి ఈ పార్శిల్ ఇచ్చేయండి’ అని ఎవరైనా ఇస్తే లోపల ఏముందో విప్పి చూడకుండా తీసుకోవద్దు. మొహమాటపడి జైలుపాలైనవాళ్లున్నారు.

తిరిగొచ్చేటప్పుడు 5 వేల డాలర్లకు మించి నోట్లున్నా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10 వేల డాలర్లు దాటినా కస్టమ్స్‌కు చెప్పాలి. ప్రయాణం కోసం కొన్నదాంట్లో మిగిలిన విదేశీ నోట్లు 2 వేల డాలర్ల వరకూ ఉంచుకోవచ్చు. ఆపైన ఉంటే 180 రోజుల్లో బ్యాంకుకు ఇచ్చేయాలి. అప్పుడూ రసీదు తీసుకోవాలి.

బయల్దేరే ముందురోజు రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం లేదా కాలేజీ ఉత్తరం, బీమా, డబ్బు కొన్న రసీదు... అన్నిటికీ జిరాక్సులు తీసి ఒక కవరులో పెట్టి అమ్మ చేతికివ్వాలి. అక్కడ బిడ్డకు జీతం ఆగినా, ఫోను మూగబోయినా రాయబార కార్యాలయం వాళ్లు మొట్టమొదట అడిగేది పాస్‌పోర్టు నంబరే. చాలా ఇళ్లలో అది ఎవరికీ తెలియదు. ఆ కవరు బీరువాలో ఉంటే వెతుకులాట ఉండదు.